డెడ్‌లిఫ్ట్ కొత్తగా నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా రాడ్ ముందు నిలబడ్డవాళ్ళకు వచ్చే సందేహాలు దాదాపు ఎప్పుడూ అవే. అందుకే వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాం. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. మొదటి నెలల్లో నడుము ఇబ్బంది పెట్టిందంటే చాలాసార్లు రెండు కారణాలే కనిపిస్తాయి: రాడ్ ఉండాల్సిన ఎత్తులో లేకపోవడం, ఒంటికి అలవాటు కాకముందే ప్లేట్లు పెంచేయడం. రెండూ మన చేతిలో ఉన్నవే.

## మొదలుపెట్టే ముందు

డెడ్‌లిఫ్ట్ చేస్తే నడుము పోతుందని ఇంట్లో భయపెడుతున్నారు. నిజమేనా?

నేల మీది బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, తుంటి దగ్గర వంగి లేవడమే డెడ్‌లిఫ్ట్. మెల్లగా బరువు పెంచుకుంటూ పోతే నడుము కండరాలు, తొడ వెనక కండరాలు, ఎముకలు ఆ బరువుకు తగ్గట్టు గట్టిపడతాయి. ప్రమాదం ఎక్కువగా ఎదురయ్యేది మూడు సందర్భాల్లో. మొన్నటిదాకా 40 కిలోలు ఎత్తినవాళ్ళు పక్కవాళ్ళను చూసి 80 పెట్టినప్పుడు, బాగా అలసిపోయాక కూడా ఇంకో రెండు రెప్పులు (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్పు) లాగినప్పుడు, రాడ్ కాళ్ళకు దూరంగా ఉండగానే ఎత్తినప్పుడు. ఇంట్లోవాళ్ళ భయంలో అర్థం లేకపోలేదు, కానీ ఆ భయం ఈ మూడింటి మీద ఉండాలి.

డాక్టర్ని అడగకుండా ఎవరు మొదలుపెట్టకూడదు?

బీపీ అదుపులో లేనివాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, ఎముకలు గుల్లబారాయని తేలినవాళ్ళు, గర్భిణులు, సిజేరియన్ గానీ పొట్టకు వేరే ఆపరేషన్ గానీ అయి కొద్ది నెలలే అయినవాళ్ళు. డిస్క్ జారిందని గతంలో చెప్పించుకున్నవాళ్ళు, కాలిలోకి లాగుతూ నొప్పి వచ్చేవాళ్ళు ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. అందరికీ "వద్దు" అనే చెబుతారని కాదు. చాలామందిని తక్కువ బరువుతో, రాడ్‌ను మోకాలి ఎత్తున పెట్టి మొదలుపెట్టమంటారు.

ఆడవాళ్ళు చేస్తే ఒళ్ళు మగవాళ్ళలా తయారవుతుందా?

అవదు. కండ బాగా పెరగడానికి తోడ్పడే టెస్టోస్టెరాన్ ఆడవాళ్ళలో చాలా తక్కువ. ఏళ్ళ తరబడి బరువులెత్తితే వచ్చేది బలం, ఎముకల గట్టిదనం. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ రెండు లిఫ్టుల్లోనూ రాడ్ నేల మీంచి మోకాళ్ళ దాకా వచ్చే మొదటి లాగుడు డెడ్‌లిఫ్ట్‌కు దగ్గరి చుట్టమే. నెలసరి రోజుల్లో మానేయాలన్న నియమమేమీ లేదు. నీరసంగా ఉంటే ఆ రోజు బరువు తగ్గించండి, చాలు.

## రాడ్, ప్లేట్లు, బూట్లు

మా జిమ్‌లో రాడ్ మరీ కిందికి ఉంటుంది. నా నడుము గుండ్రంగా వంగిపోవడానికి అదేనా కారణం?

చాలావరకు అదే. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు. అది తగిలిస్తే రాడ్ మధ్యభాగం నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. డెడ్‌లిఫ్ట్ గురించి మీరు చూసే పాఠాలన్నీ ఆ ఎత్తును లెక్కలో పెట్టుకుని చెప్పేవే. మన ఊళ్ళలోని చాలా జిమ్ముల్లో ఉండే 5, 10 కిలోల ఇనుప ప్లేట్లు అంతకంటే బాగా చిన్నవి. 30 సెంటీమీటర్ల ప్లేటు వేస్తే రాడ్ 15 సెంటీమీటర్ల ఎత్తులోనే ఆగిపోతుంది. తగ్గిన ఆ ఏడున్నర సెంటీమీటర్లు అందుకోవడానికి తొడ వెనక కండరాలు సాగవు, బదులుగా నడుము వంగుతుంది. మంచి ఒడుపున్నవాళ్ళకూ అక్కడ వీపు నిలవదు. కొత్తవాళ్ళేమో తప్పు తమదేననుకుని ఏడాదంతా నడుముతో కుస్తీ పడుతుంటారు.

మందు తేలిక. టేపుతో నేల నుంచి రాడ్ మధ్య దాకా కొలవండి. 22.5లోంచి ఆ అంకె తీసేయండి. మిగిలినంత ఎత్తు రెండు వైపులా ప్లేట్ల కింద పెట్టండి. పడుకోబెట్టిన ఇనుప ప్లేట్లు, గట్టి రబ్బరు మ్యాట్లు, చెక్క దిమ్మలు ఏవైనా సరే. రెండు వైపులా ఒకే ఎత్తు ఉండాలి, ఊగకూడదు. ఇటుకలు మాత్రం వద్దు, పగిలి జారిపోతాయి. అంత ఎత్తు పెట్టాక కూడా నడుము వంగుతుంటే ఇంకో 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచి అక్కడి నుంచి నేర్చుకోండి. రెండు మూడు వారాలకోసారి కాస్త కాస్త దించుకుంటూ రావచ్చు.

మా రాడ్ బరువెంతని లెక్కేసుకోవాలి?

తిరిగే లావాటి కొసలున్న ఏడడుగుల ఒలింపిక్ రాడ్ 20 కిలోలు. ఆడవాళ్ళ పోటీల్లో వాడేది 15. ఇవి కాక, కొసదాకా ఒకే మందంతో ఉండే మామూలు రాడ్లు పొడవును బట్టి సుమారు ఆరు నుంచి పది కిలోలు ఉంటాయి. రాడ్ పట్టుకుని కాటా మీద నిలబడి, వచ్చిన దాంట్లోంచి మీ బరువు తీసేస్తే సరి. ఏ రాడ్ అయినా రెండు వైపులా క్లిప్పులు పెట్టకుండా ఎత్తకండి. ఒక పక్క ప్లేటు రెండు వేళ్ళంత జరిగినా నడుము మెలికపడుతుంది.

ఏ బూట్లు వేసుకోవాలి?

పలచని, చదునైన, గట్టి అడుగున్నవి. మామూలు కాన్వాస్ బూట్లు చాలు. పరుగుకు వేసుకునే మెత్తటి బూట్లు బరువు పడగానే అణిగిపోయి పాదాన్ని పక్కకు ఒరిగిస్తాయి, మడమ ఎత్తుగా ఉండటం వల్ల ఒళ్ళు ముందుకు తూలుతుంది. జిమ్ ఒప్పుకుంటే వట్టి కాళ్ళతో చేయొచ్చు. సాక్సు ఒక్కటే వేసుకుని టైల్స్ మీద నిలబడటం మాత్రం ప్రమాదం.

గ్లోవ్స్, బెల్ట్, స్ట్రాప్స్ కొనాలా?

మొదటి మూడు నెలలు ఏదీ అక్కర్లేదు. గ్లోవ్స్ రాడ్‌ను లావు చేస్తాయి కాబట్టి పట్టు ఇంకా త్వరగా జారుతుంది. చెమట చేతులైతే చాక్ (పట్టు జారకుండా అరచేతులకు రాసుకునే తెల్ల పొడి) కొనుక్కోండి, అది నిజంగా పనికొస్తుంది. బెల్ట్ గురించి ఉన్న పెద్ద అపోహ అది నడుమును కాపాడుతుందన్నది. నిజానికి అది చేసేది, గాలి నింపిన పొట్ట నెట్టడానికో గోడ ఇవ్వడం. పొట్ట బిగించడం రానివాళ్ళకు దానితో ఒరిగేదేమీ ఉండదు. సరదాగా వదులుగా కట్టుకుంటే అసలేమీ ఉండదు.

## వంగడం నేర్చుకోవడం

ట్రైనర్ "నడుము వంచకు, తుంటి వెనక్కి తొయ్" అంటున్నాడు. ఎంత చేసినా అర్థం కావట్లేదు.

మాటతో అర్థమయ్యేది కాదు, కర్రతో అవుతుంది. చీపురు కర్ర ఒకటి తీసుకుని వీపు మీద నిలువుగా పెట్టుకోండి. ఒక చెయ్యి మెడ వెనక, ఇంకోటి నడుము వెనక పట్టుకోవాలి. కర్ర మూడు చోట్ల తాకాలి: తల వెనక, భుజాల మధ్య, పిరుదుల పైన తోక ఎముక దగ్గర. ఇప్పుడు మోకాళ్ళు కొద్దిగా వదులు చేసి, రెండు చేతుల్లో సామాన్లుండగా కారు తలుపును పిరుదులతో నెట్టి మూసినట్టు తుంటిని వెనక్కి తోయండి. ఆ మూడు చోట్లలో ఒక్కటి కర్రను వదిలినా అక్కడే ఆగి పైకి లేవండి. తోక ఎముక వదిలితే నడుము వంగింది, తల వదిలితే మెడ వాలింది.

సరిగ్గా వస్తే తొడ వెనక భాగం బాగా లాగినట్టు తెలుస్తుంది. మోకాళ్ళ ముందు మంట పుడితే కూర్చుంటున్నారన్నమాట, వంగట్లేదు. గోడకు వీపు పెట్టి జానెడు దూరంలో నిలబడి, పిరుదులు గోడకు తాకేలా చేసి చూడండి. తాకుతుంటే ప్రతిసారీ రెండు వేళ్ళంత ముందుకు జరగండి. రోజుకు పది పదిహేను సార్లు, ఇంట్లోనే.

ఇది స్క్వాట్ లాంటిదే కదా, బాగా కిందికి కూర్చుని ఎత్తితే తప్పేంటి?

స్క్వాట్‌లో మోకాళ్ళు బాగా ముందుకొచ్చి తుంటి కిందికి దిగుతుంది. డెడ్‌లిఫ్ట్‌లో అలా కూర్చుంటే మోకాళ్ళు రాడ్‌కు అడ్డం వచ్చి దాన్ని ముందుకు నెట్టేస్తాయి. బరువు కదిలే ముందే తుంటి దానంతటదే పైకి లేచిపోతుంది. తుంటి ఎంత ఎత్తులో ఉండాలన్నది మీ తొడల పొడవును బట్టి ఉంటుంది. పొడవాటి తొడలున్నవాళ్ళ వీపు నేలకు దాదాపు సమాంతరంగా కనబడినా తప్పు కాదు. పక్కవాళ్ళతో పోల్చి దించుకోకండి.

కర్ర తర్వాత నేరుగా నేల మీది రాడ్ ఎత్తొచ్చా?

మధ్యలో ఒక మెట్టు పెట్టుకోండి. 8 నుంచి 16 కిలోల కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప గుండు) గానీ డంబెల్ గానీ రెండు పాదాల మధ్య నిలబెట్టి ఎత్తండి, 8 రెప్పుల సెట్లు మూడు, అంటే వరుసగా 8 సార్లు ఎత్తి విశ్రాంతి, అలా మూడు విడతలు. వారానికి రెండుసార్లు, రెండు వారాలు. ఎనిమిదో రెప్పు కూడా మొదటి రెప్పులాగే కనబడగలిగితే రాడ్‌కు వెళ్ళండి.

## నేల మీంచి ఎత్తడం

రాడ్ దగ్గర ఎలా నిలబడాలి? వరుసగా చెప్పండి.

1. పాదాలు తుంటి వెడల్పున, వేళ్ళు కాస్త బయటికి. పైనుంచి చూస్తే రాడ్ సరిగ్గా పాదం మధ్య మీదుగా, అంటే బూటు లేసు ముడి మీదుగా పోవాలి. మోకాలి కింది ఎముకకూ రాడ్‌కూ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది.
2. తుంటి వెనక్కి తోసి వంగి, కాళ్ళకు కాస్త బయట రాడ్ పట్టుకోండి. రెండు అరచేతులూ మీ వైపు, బొటనవేలు రాడ్ చుట్టూ. రాడ్ కదలకూడదు.
3. కాళ్ళు రాడ్‌కు తాకేదాకా మోకాళ్ళు ముందుకు తీసుకురండి. అక్కడితో ఆపేయండి.
4. తుంటి ఇంకా దించకుండా ఛాతీ పైకెత్తండి. చంకల్లో రుమాళ్ళున్నాయనుకుని జారిపోకుండా బిగించండి. వీపు గట్టిపడుతుంది. భుజాలు రాడ్‌కు కొద్దిగా ముందుంటాయి.
5. పొట్ట నిండా గాలి పీల్చి బిగించండి. చేతులు చాపి రాడ్‌ను మెల్లగా బిగువుగా లాగండి. "టక్"మని చిన్న శబ్దం వినబడుతుంది.
6. ఇప్పుడు పాదాలతో నేలను కిందికి తోయండి. రాడ్ కాళ్ళను రాసుకుంటూ పైకి రావాలి.

వీటిలో ఎక్కువమంది దాటవేసేది ఐదోది. ఒక్కసారిగా గుంజితే రాడ్ కదిలే లోపే వీపు వదులైపోతుంది, మోచేతులు వంగుతాయి.

రాడ్ లేవకముందే తుంటి పైకి లేచిపోతోంది. ఎందుకు?

మూడు కారణాలుంటాయి, వాటి పరీక్షలూ తేలికే. మొదట్లోనే మరీ కిందికి కూర్చుని ఉంటే రెండు వేళ్ళు పైనుంచి మొదలుపెట్టి చూడండి. రాడ్‌ను బిగువుగా లాగకుండానే గుంజుతుంటే ఒక సెకను ఆగి లాగండి. ఈ రెండూ సరిచేసినా అలాగే ఉంటే బరువు ఎక్కువైంది, 10 శాతం తగ్గించండి.

ఊపిరి ఎప్పుడు పీల్చాలి, ఎప్పుడు వదలాలి?

కిందే పీల్చి, పొట్టను ముందుకే కాక పక్కలకూ వెనక్కీ ఉబ్బించి బిగపట్టండి. పైన నిటారుగా నిలబడ్డాక వదలండి. దించి, నేల మీద ఆగి, మళ్ళీ పీల్చండి. ఇలా బిగపట్టినప్పుడు బీపీ కాసేపు బాగా పెరుగుతుంది. కాబట్టి బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్ సలహా మీద తేలిక బరువులతో, లేస్తున్నప్పుడే పెదవుల మధ్య నుంచి గాలి వదులుతూ చేయడం మంచిది. ఎవరికైనా కళ్ళు తిరిగితే వెంటనే రాడ్ దించేసి కూర్చోవాలి.

పైకి వచ్చాక వెనక్కి వాలాలా?

వద్దు. మోకాళ్ళు చాచి, పిరుదులు బిగించి నిటారుగా నిలబడటంతో లిఫ్ట్ అయిపోయింది. వెనక్కి వాలడం నడుముకు పనికిరాని నొక్కుడు.

దించేటప్పుడు రాడ్ మోకాళ్ళకు తగులుతోంది.

మోకాళ్ళు ముందే వంచేస్తున్నారు. ముందు తుంటి వెనక్కి వెళ్ళాలి, రాడ్ తొడల మీదుగా జారాలి. అది మోకాలి చిప్ప దాటాకే మోకాళ్ళు వంచాలి. ఒకటి రెండు సెకన్లలో అదుపుగా దించితే చాలు, అంగుళం అంగుళం దించనక్కర్లేదు. ఎత్తేటప్పుడు జాగ్రత్తగా ఉండి దించేటప్పుడు పొట్ట వదిలేసేవాళ్ళు చాలామంది. నడుము పట్టేయడం తరచూ అక్కడే జరుగుతుంది.

నా వీపు వంగుతోందో లేదో నాకెలా తెలుస్తుంది?

అద్దంలో చూడకండి. పక్క అద్దం వైపు మెడ తిప్పితే ఒళ్ళు మెలిక తిరుగుతుంది. చూపు రెండు మూడు మీటర్ల ముందు నేల మీద ఉండాలి. ఫోన్‌ను పక్క నుంచి, తుంటి ఎత్తున, రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టి సెట్ మొత్తం రికార్డు చేయండి. తర్వాత మొదటి రెప్పునూ చివరి రెప్పునూ పక్కపక్కన చూడండి. వెతకాల్సింది ఒక్కటే: రాడ్ నేల వదిలిన క్షణంలో నడుము ఆకారం మారిందా? గీత గీసినంత తిన్నగా ఏ నడుమూ ఉండదు, ఉండనక్కర్లేదు. మొదట్లో ఉన్న ఆకారం చివరిదాకా నిలిస్తే బాగున్నట్టే. మధ్యలో కుంగితే ఆ సెట్ అక్కడితో ఆపాలి.

రాడ్ కాళ్ళ మీద గీరుకుపోయి రక్తం వస్తోంది. దూరంగా పట్టుకోవచ్చా?

పట్టుకోకండి. రాడ్ కాళ్ళకు దూరమైన కొద్దీ అదే బరువు నడుము మీద ఎక్కువ భారమవుతుంది. పొడవు సాక్సులో ట్రాక్‌ప్యాంటో వేసుకోండి. నిజంగా రక్తం కారేంతగా గీరుకుంటుంటే రాడ్ పాదం మధ్య కన్నా వెనక ఉందేమో చూడండి. ఒక సెంటీమీటరు ముందుకు పెడితే సర్దుకుంటుంది.

## బరువు పెంచుకోవడం

మొదట ఎంత బరువుతో చేయాలి? వారానికి ఎన్నిసార్లు?

ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళు రాడ్‌తో కలిపి 30 నుంచి 40 కిలోలతో, ఆడవాళ్ళు 20 నుంచి 25 కిలోలతో మొదలుపెడితే చాలామందికి కుదురుతుంది. బరువుగా అనిపించకపోవడమే మంచిది. 5 రెప్పుల సెట్లు మూడు, సెట్ల మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతి. వారానికి ఒకసారో రెండుసార్లో, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. ప్రతి రెప్పుకూ రాడ్‌ను నేల మీద పూర్తిగా ఆపి, మళ్ళీ సర్దుకుని ఎత్తండి. నేలకు తాకించి బంతిలా ఎగరేస్తే ఒడుపు నేర్పే ఆ మొదటి క్షణమే పోతుంది.

అసలు సెట్ 60 కిలోలైతే వార్మప్ ఇలా: దిమ్మల మీద వట్టి రాడ్‌తో 8, తర్వాత 40తో 5, 50తో 3, ఆ పైన 60.

మా జిమ్‌లో అతి చిన్న ప్లేటు రెండున్నర కిలోలే. ప్రతిసారీ 5 కిలోలు పెంచాలా?

మొదటి నెల పెంచొచ్చు, తర్వాత అది ఎక్కువైపోతుంది. అప్పుడు రెప్పులు పెంచండి. అదే బరువుతో మూడు సెట్లూ 5, తర్వాతిసారి 6, ఆపైన 7, 8. మూడు సెట్లలోనూ 8 శుభ్రంగా వచ్చాక 5 కిలోలు వేసి మళ్ళీ 5 రెప్పుల దగ్గరికి దిగండి. సొంతంగా 1.25 కిలోల ప్లేట్ల జత కొనుక్కుని సంచిలో జిమ్‌కు తీసుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు, మంచి ఖర్చు.

ఒక్క రెప్పుకు ఎంత ఎత్తగలనో చూసుకోమంటున్నారు. చూడొచ్చా?

మొదటి ఆరు నెలలు అవసరం లేదు. ఆ అంకె తెలిసినంత మాత్రాన మీ శిక్షణలో మారేదేమీ లేదు. ప్రతి సెట్‌నూ ఇంకో రెండు రెప్పులు చేయగలననిపించినప్పుడే ఆపండి.

నడుముకంటే ముందు చేతి పట్టు జారిపోతోంది.

రాడ్‌ను అరచేతి మధ్యలో కాక వేళ్ళు మొదలయ్యే చోట పట్టుకోండి, చాక్ రాసుకోండి. ఒక చెయ్యి లోపలికి, ఒకటి బయటికి తిప్పి పట్టుకునే పద్ధతి బరువులు బాగా పెరిగాక పనికొస్తుంది. కానీ అరచేయి బయటి వైపున్న చేతి మోచెయ్యి వంచి గుంజితే కండ తెగే ప్రమాదం ఉంది. చేతులు కాయలు కాస్తే స్నానం చేశాక మెత్తబడ్డప్పుడు అరగదీయండి, బ్లేడుతో కోయకండి.

## నొప్పి వచ్చినప్పుడు

మర్నాడు నడుము పట్టేసినట్టుంది. మామూలేనా?

రెండు వైపులా సమానంగా, కండ బిగుసుకున్నట్టు ఉండి, నడుస్తుంటే సడలుతుంటే మామూలే. తొడల వెనక, పిరుదుల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గుతుంది. నొప్పంతా నడుములోనే ఉండి తొడల్లో ఏమీ తెలియకపోతే మాత్రం రాడ్ దూరంగా ఉంటోందనో, నడుము కుంగుతోందనో అర్థం.

ఎత్తుతుండగా నడుములో చుర్రుమంది. ఇప్పుడేం చేయాలి?

ఆ రోజుకు ఆపేయండి. "ఇంకొక్కటి చూద్దాం" వద్దు. రోజుల తరబడి మంచం పట్టడం మేలు చేయదు. ఓర్చుకోగలిగినంత నడవండి, బరువులు ఎత్తకండి. ఇలాంటివి ఎక్కువగా కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. పిల్లల చేత నడుము తొక్కించుకోవడం, ఎవరితోనో విరిపించుకోవడం చేయకండి. డిస్క్ ఇబ్బంది ఉంటే అది ముదురుతుంది.

నొప్పి మోకాలి కిందిదాకా లాగినా, తిమ్మిరి ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం రాకపోవడం లేదా ఆపుకోలేకపోవడం, పాదం పైకి లేపలేకపోవడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే గంటలో ఎమర్జెన్సీకి వెళ్ళండి. నరాల మీద ఒత్తిడి తీయడంలో ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా ఉండిపోవచ్చు.

జ్వరం వల్లో ఊరెళ్ళడం వల్లో మానేశాను. మళ్ళీ ఎక్కడి నుంచి?

రెండు వారాల విరామమైతే పాత బరువులో 10 నుంచి 20 శాతం తగ్గించండి. నెల దాటితే సగంతో మొదలుపెట్టి, వారం వారం పెంచండి. డెంగీ లాంటి జ్వరం వచ్చి తగ్గినప్పుడు ప్లేట్‌లెట్లు మామూలుకొచ్చాయని డాక్టర్ చెప్పేదాకా బరువులు ముట్టుకోకండి. మొదటి రోజు వీడియో తీసి చూసుకోండి. బలం కంటే ముందు బిగువు పోతుంది, అది తెరమీదే కనబడుతుంది.